రాగిరేకు మీద రోడ్లు

పోయిన నెలలో మా ఇంటి కాలింగ్ బెల్ మూగబోయింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. పాతికేళ్ళ కుర్రవాడు. స్టూలెక్కి, బెల్లు డబ్బా మూత తీసి, లోపలి బోర్డును వెలుతురుకు పట్టి చూసి మొహం అదోలా పెట్టాడు.

"అక్కా, దీంట్లో ఏందో రాసుండాదే."

"చదువు," అన్నాను. ఏం రాసుందో నాకు తెలుసు.

అతను బోర్డును కళ్ళ దగ్గరికి తెచ్చుకుని కూడబలుక్కుంటూ చదివాడు. "తలుపు... తియ్యండప్పా... వాళ్ళు... పొయ్యేట్టు లేరు."

నవ్వాపుకోలేక స్టూలు మీద తూలి గోడ పట్టుకున్నాడు. ఇది ఏ కంపెనీదక్కా అని అడిగాడు. కంపెనీది కాదు, పుంగనూరులో ఒక పెద్దాయన తన ఇంటి వసారాలో కూర్చుని చేసిందని చెప్పాను. ఆ అక్షరాలు కంపోజ్ చేసింది మాత్రం నేనేనని చెప్పలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కుర్రవాడు బాగుచేసి వెళ్ళాక బెల్లు రెండు మూడుసార్లు ఊరికే నొక్కి చూసుకుని, కాసేపు గడప మీదే కూర్చున్నాను.

తొంభైల చివర్లో నేను మదనపల్లెలో డీటీపీ సెంటరు పెట్టాను. బస్టాండు దగ్గరి సందులో, టైలరు అంగడికీ టిఫిన్ హోటలుకూ నడుమ చిన్న గది. రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల రికార్డులు. అప్పట్లో ఊళ్ళో లేజర్ ప్రింటరు ఉందంటే అదొక గొప్ప. దుమ్ము పడకుండా దానికి నేను పాత పట్టుచీర ముక్క కప్పేదాన్ని.

ఆయన మొదటిసారి వచ్చింది ఎవరిదో బంధువుల పెళ్ళిపత్రిక పనిమీద. యాభై అయిదేళ్ళుంటాయి. పొట్టి మనిషి. తెల్ల పంచె మీద ఖాకీ చొక్కా. ఆ చొక్కా జేబు బరువుకు సాగి పొట్ట దాకా వేలాడుతుండేది. ప్రూఫు తీసి చేతికిస్తే ఎవరైనా ముందు పేర్లు చూసుకుంటారు. ఈయన గోటితో అక్షరాన్ని గీకాడు. వాసన చూశాడు. చివరికి నాలుక మీద పెట్టుకున్నాడు.

"పాపా, ఇది ఇంకు కాదు."

"టోనర్ సార్. పొడి."

"పొడి గాదు, ప్లాస్టిక్కు. వేడికి కరిగి కాగితాన్ని పట్టుకోనుండాది. ఇంకో తూరి వేడి సేస్తే వదిలేస్తాది గదా?"

"ఎందుకు వదలాలి సార్?"

"కాగితాన్ని వదిలితే రాగిని పట్టుకుంటాది. సారేంది సారు? మామా అను."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మేమిద్దరం ప్లాస్టిక్కు గొడవలో పడి పెళ్ళికూతురి పేరులో దీర్ఘం పోయిన సంగతి చూసుకోలేదు. పత్రికలు అట్లాగే అచ్చయ్యాయి.

ఆయనది రేడియోల మరమ్మతు. రేడియోలు మూలబడ్డాక చిన్న చిన్న కరెంటు సామాన్లు సొంతంగా తయారు చేయడం మొదలుపెట్టాడు. బెల్లులు, ఎమర్జెన్సీ లైట్లు, బోరు మోటార్లకు కరెంటు రాగానే వాటంతటవే ఆన్ అయ్యే స్టార్టర్లు. వాటన్నిటికీ లోపల ఒక బోర్డు కావాలి. ఒక పక్క రాగిరేకు అతికించిన అట్ట తెచ్చుకుని, దాని మీద దారులు గీసి, రాగిని తినేసే గోధుమరంగు ద్రావకంలో ముంచుతారు. గీత ఉన్నచోట రాగి మిగులుతుంది, లేనిచోట కరిగిపోతుంది. ఆ గీతలు అంతకుముందు ఆయన గోళ్ళరంగుతో గీసేవాడు. పుంగనూరు ఫ్యాన్సీ స్టోర్లో వారానికో సీసా కొనేవాడట. "ఎవురికప్పా ఈ వయసులో?" అని అంగడాయన అడిగితే, "సెప్పకూడదు. మీ అక్కకు తెలిస్తే సంపుతాది" అనేవాడట. ఆ మాట ఊరంతా తిరిగి ఇంటికి వచ్చేసరికి అత్త, అంటే ఆయన భార్య, ఆ సీసాలన్నీ వసారా గోడ మీద బజారుకు కనబడేట్టు వరసగా పేర్చిందట. ఆమె కూడా ఆయనకు తగ్గదే.

ప్రింటరును చూశాక గోళ్ళరంగుకు సెలవు. గీత నేను కంప్యూటర్లో గీయాలి, నున్నటి కాగితం మీద అచ్చు తీయాలి. ఆయన దాన్ని రాగి మీద బోర్లించి ఇస్త్రీ పెట్టెతో రుద్దుతాడు. టోనర్ కరిగి రాగికి అంటుకుంటుంది. నీళ్ళలో నానబెట్టి కాగితం వలిచేస్తే నల్లగీతలు మిగులుతాయి. ఇంతే సంగతి. కానీ ఏ కాగితమో తేలడానికే ఆర్నెల్లు పట్టింది.

గురువారం గురువారం పుంగనూరు బస్సు దిగి, చంకలో సంచీతో వచ్చేవాడు. అందులో క్యాలెండరు కాగితం, చీరల పెట్టెలో అట్టకు చుట్టే కాగితం, మిఠాయి పొట్లాల కాగితం. అన్నీ అయ్యాక సినిమా వారపత్రిక నడిమి పేజీ దగ్గర తేలింది. రంగుల్లో హీరోయిన్ బొమ్మ వేసే నున్నటి పేజీ. నా అంగడిలో బెంచీ మీద కూర్చుని, కత్తెరతో ఒక్కో తారనూ భక్తిగా కత్తిరిస్తుంటే పెళ్ళిపత్రికల కోసం వచ్చిన పెద్ద మనుషులు ఇబ్బందిగా చూసేవాళ్ళు. ఆయన అది కనిపెట్టి బొమ్మను పైకెత్తి గట్టిగా అనేవాడు: "పాపా, ఈయమ్మ బాగుండాది. ఈయమ్మ మింద బోరు మోటారు వెయ్యి."

గీతలు చెప్పే తీరు కూడా ఆయనదే. కంప్యూటరు పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చునేవాడు. రాగి దారుల్ని రోడ్లనేవాడు. వైర్లు అతికే గుండ్రటి చుక్కల్ని ఊళ్ళనేవాడు.

"ఇది మదనపల్లి. ఈడ్నించి పుంగనూరుకు రోడ్డెయ్యి. వెడల్పుగా వెయ్యి, కరెంటు నిండా పోతాది. ఆ, ఇప్పుడు రామసముద్రం నించి కుప్పానికి."

"మామా, అది పుంగనూరు రోడ్డును దాటుకోని పోవాల గదా?"

"దాటకూడదు. దాటితే తగలబడతాది. సుట్టు తిప్పు."

"సందు లేదు మామా."

"గంగవరం పక్కన సందుండాది సూడు. అందరికీ దోవ ఉంటాది పాపా. ఎదికేదానికి ఓపిక ఉండాల."

ఎక్కడా దారి దొరక్కపోతే వంతెన వేసేవాడు. అంటే పైనుంచి చిన్న వైరు ముక్క. వంతెన వేయాల్సి వస్తే ఆ పూట ఆయన ముఖం మాడిపోయేది. ఒకసారి ఒక్క వంతెన తప్పించడానికి పొద్దున వచ్చినవాడు మూడు గంటల దాకా అన్నం మాట ఎత్తలేదు. నన్నూ ఎత్తనివ్వలేదు.

అక్షరాల గోల ఎట్లా మొదలైందో చెప్పాలి. ఒక బోర్డు మూల కాస్త ఖాళీ మిగిలితే, నేనే ఊరికే, "నీ పేరు వేద్దామా మామా?" అన్నాను. పేరెందుకు, వాడుకునేవాళ్ళకు పనికొచ్చే మాట ఏదైనా వెయ్యమన్నాడు. అది ట్యూషన్ చెప్పే ఒక అయ్యవారి ఎమర్జెన్సీ లైటు. "కరెంటు పోయింది, పిల్లోళ్ళను ఇంటికి పంపండి సార్" అని వేశాం. చీమ తలకాయంత అక్షరాలు. డబ్బా విప్పితే తప్ప కనబడవు. అప్పట్నుంచి అదొక వ్యసనమైపోయింది. ఒక గుడి మైకుసెట్టు లోపల, "రొంత తగ్గించండప్పా, దేవునికి చెవుడు లేదు" అని వేశాం. అది రిపేరుకొచ్చి బయటపడినప్పుడు కమిటీవాళ్ళు పుంగనూరుకు దండెత్తారు. ఆయన అద్దాలు తుడుచుకుని, దాన్ని రెండుసార్లు చదివి, "మంచిమాటే గదా! ఎవురు రాసినారో మహానుభావుడు" అని వాళ్ళనే అడిగాడు.

ఇవన్నీ నా ప్రింటరు ప్రాణం మీదికి వస్తాయని నాకు భయంగానే ఉండేది. వచ్చింది కూడా. మాఘమాసం ముహూర్తాల్లో, పదకొండు పత్రికలు చేతిలో ఉండగా, ఆయన తెచ్చిన ఏదో మెరుగు కాగితం లోపలి వేడి రోలరుకు చుట్టుకుని కరుచుకుపోయింది. పొగ వచ్చింది. నేను ఏడుపు మొహంతో నిలబడ్డాను. ఆయన పక్క హోటల్లో ఇడ్లీ ప్లేటు అడిగి తెచ్చాడు. ప్రింటరు విప్పుతూ, మరలు వచ్చిన వరసలో ఒక్కో గుంటలో ఒక్కోటి పెట్టాడు. నాలుగు గంటల్లో నా బిడ్డ నేల మీద ఇరవై ముక్కలైంది. సూదితో, దూదితో ఆ కాగితాన్ని వలిచి, తిరిగి బిగించి, చివరికి ఒక మర మిగిలితే నా అరచేతిలో పెట్టాడు.

"ఇది యాడిది మామా?"

"కంపెనీవోడు ఒకటి ఎక్కువ పెట్టినాడు. దాసిపెట్టుకో."

అప్పట్నుంచి ఆ ప్రింటరు కిర్రుమనడం మానేసింది. నేను తిట్టాలనుకున్న తిట్లన్నీ దిగమింగుకున్నాను.

నేను చేసిన తప్పు కూడా ఒకటుంది. కాగితాన్ని రాగి మీద బోర్లిస్తాం కాబట్టి అచ్చు ఎప్పుడూ అద్దంలో చూసినట్టు తిరగేసి తీయాలి. ఒకసారి మరిచిపోయాను. కలకడ దగ్గర ఇద్దరు అన్నదమ్ముల ఉమ్మడి బోరు కోసం చేసిన స్టార్టరు అది. బోర్డంతా కుడి ఎడమైంది. ఆయన నన్నొక్క మాట అనలేదు. చిప్పు కాళ్ళను వెనక్కి వంచి దాన్ని బోర్లా పడుకోబెట్టి అతికించాడు. "శీర్షాసనం ఏసినా బుర్ర పనిచేస్తాది పాపా," అన్నాడు. పని చేసింది కూడా. కానీ మూలన మేం వేసిన మాట కూడా కుడి ఎడమైన సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఆ అన్నదమ్ములకు మాటలు లేవు. నీళ్ళు ఎవరు ముందు పెట్టుకోవాలని గొడవ. తమ్ముడు ఒకరోజు డబ్బా విప్పి, ఏ భాషో తెలియని వంకర రాతలు చూసి, అన్న చేతబడి చేయించాడన్నాడు. అన్న ఆ పని తమ్ముడిదే అన్నాడు. ఇద్దరూ ఒకే బస్సులో, వేరే వేరే సీట్లలో, పుంగనూరుకు వచ్చారు. ఆ పూట నేను కొత్త బోర్డుల అచ్చులు ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. బోర్డు చూడగానే నా తప్పు నాకు తెలిసింది.

ఆయన మాత్రం లోపలికి వెళ్ళి గడ్డం గీసుకునే చిన్న అద్దం తెచ్చాడు. బోర్డుకు ఎదురుగా పట్టి, "సదవండి," అన్నాడు. అద్దం అరచేయంత. ఇద్దరూ చూడాలంటే తలలు ఆనుకోక తప్పదు. ఇంతకీ అక్కడ ఉన్నది రెండే మాటలు: "నీళ్ళు ఇద్దరివీ."

వాళ్ళు చాలాసేపు ఆ అద్దంలోనే ఉండిపోయారు. చదవడానికి అంతసేపు పట్టదు. అద్దంలో ఒకరి ముఖం ఒకరికి కనబడుతున్నట్టుంది. అన్న ముందుగా కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. తమ్ముడు, "పోదాంపా, బస్సుకు టైమయితాంది," అన్నాడు. వాళ్ళు వెళ్ళాక నేను తప్పు ఒప్పుకుంటే, "తిరగేసింది నువ్వని సెప్పబాక. నేను కావాలనే సేసినానని ఊరంతా అనుకుంటాంది," అన్నాడు.

ఇప్పుడు కుప్పం సంగతి. గంగవరం దగ్గరి ఒక పల్లె నుంచి పుష్ప అనే అమ్మాయి కుప్పంలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతుండేది. అమ్మానాన్నలు కూలీలు. నాన్న ఎవరిదో బోరు మోటారుకు కాపలా. తోటి పిల్లలు బెంగళూరు నుంచి ప్రాజెక్టులు తయారుగా కొనుక్కొస్తున్నారని, తనకు ఒకటి చేసిపెట్టమని ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన చేసిపెట్టనన్నాడు.

"అమ్మేది లేదుమ్మా. నేర్పిచ్చేది ఉండాది. కావాల్నా?"

మూడు నెలలు ప్రతి ఆదివారం ఆయనతో పాటు మా అంగడికి వచ్చింది. నా ప్రింటరు దగ్గర కూర్చుని తన రోడ్లు తానే గీసుకుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు కాలిపోకుండా ఆపే బోర్డు. ఒక్క వంతెన లేకుండా వేసింది. ఆయన ఆ గీతల అచ్చును అటూ ఇటూ తిప్పి చూసి, పుంగనూరు తీసుకుపోయి అత్తకు చూపించి, పై ఆదివారం వెనక్కి తెచ్చాడు. ఆ అమ్మాయి అటు తిరగ్గానే నా చెవిలో, "మూల ఖాళీగా ఉండాదే!" అన్నాడు. వద్దు మామా, పరీక్ష అన్నాను. ఎవురు సూస్తారు అన్నాడు. ఆఖరి అచ్చు తీసేటప్పుడు నేను వేశాను. తప్పు నాది కూడా.

వైవా రోజున నన్నూ లాక్కుని కుప్పం బయల్దేరాడు. ల్యాబు కిటికీ బయట వరండాలో నిలబడ్డాం. వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో భూతద్దంతో ఉన్నాడు. పుష్ప బోర్డును అద్దం కింద పెట్టుకుని చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. గట్టిగా చదివాడు.

"ఇంత దగ్గరగా చూడొద్దు సార్, కళ్ళు పోతాయి."

ల్యాబంతా గొల్లుమంది. పుష్ప ముఖంలో నెత్తురు లేదు. కిటికీ బయట నాదీ అంతే. మామను మోచేత్తో పొడిచాను. ఆయన కూడా నవ్వలేదు. మొదటిసారి ఆయన ముఖంలో భయం చూశాను.

"ఇది ఏ షాపులో కొన్నావు?" అన్నాడు ఎగ్జామినర్.

"కొనలేదు సార్. నేనే సేసినాను."

"నువ్వే చేస్తే ఇందులో ఏముందో నీకు తెలియదా?"

"అది... తెలీదు సార్. మిగతాదంతా నాదే."

"సరే. నా ఎదురుగా ఇంకొకటి చెయ్యి. ఉత్త బోర్డు చాలు. మధ్యాహ్నం దాకా టైమిస్తాను."

పుష్ప పరుగున హాస్టలుకు పోయి సామాను, మా మాట లేని తన గీతల ఫ్లాపీ తెచ్చుకుంది. కాలేజీ ప్రింటరులో సినిమా పేజీ పెడుతుంటే ల్యాబు అసిస్టెంటు అడ్డుపడ్డాడు. ఎగ్జామినరే కానివ్వమన్నాడు. అచ్చు వచ్చింది. రాగిని తోమి, బోర్లించి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టింది. అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగాయి. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరన్నారు. ఎగ్జామినర్ గడియారం చూసుకున్నాడు. నేను పక్కకు తిరిగితే మామ లేడు. ఆ ఎండలో, పంచె ఎగ్గట్టి, ఆ వయసులో, కాలేజీ గేటు వైపు పరుగెత్తుతున్నాడు.

పది నిమిషాలకు తిరిగొచ్చాడు. రెండు చేతులతో బొగ్గుల ఇస్త్రీ పెట్టె మోసుకొస్తున్నాడు. వెనకే దాని యజమాని, గేటు ముందర బండి మీద ఇస్త్రీ చేసే మనిషి, "యాడికప్పా నా పెట్టె, ఆడ సొక్కాలు పడుండాయి!" అని అరుచుకుంటూ వస్తున్నాడు. మామ నేరుగా ల్యాబులోకి నడిచి పెట్టెను పుష్ప ముందు పెట్టాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. నీళ్ళు చిలకరించి వేడి చూసింది. గుడ్డ పరిచి, బూడిద రాలకుండా, అంచుల నుంచి నడిమికి రుద్దింది. ఇస్త్రీ ఆయన కోపం మరిచి, "కాగితానికి ఇస్త్రీ ఏందమ్మా? అంత గట్టిగా వద్దు, నిలిపి నిలిపి పెట్టు," అని చెప్పడం మొదలుపెట్టాడు.

"మీరెవరు?" అన్నాడు ఎగ్జామినర్, మామను చూసి.

"నేనా సార్? ఇస్త్రీ పెట్టె మోసేవోణ్ని."

కాగితం నానింది. వలిచింది. నల్లగీత ఒక్కటీ తెగలేదు. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో ద్రావకం పోసి, వేడి తగలాలని ఎండలో కూర్చుని ఊయలలా ఊపింది. ల్యాబులో ఉన్నవాళ్ళంతా వరండాలోకి వచ్చేశారు. రాగి కొంచెం కొంచెంగా కరిగి రోడ్లు బయటపడ్డాయి. ఎగ్జామినర్ దాన్ని భూతద్దం కింద రెండుసార్లు తిప్పి చూశాడు. పాత బోర్డు పక్కన పెట్టి పోల్చాడు. "పాస్," అన్నాడు. ఇంకేమీ అనలేదు.

బయటికి వచ్చాక పుష్ప మామ ముందు నిలబడి, "ఆ మాట ఎందుకు రాసినారు? నా సదువు పొయ్యుంటే?" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. ఆయన ఎగతాళి చేస్తాడేమోనని నేను భయపడ్డాను. ఆయన తల వంచుకుని, "తప్పయిపోయిందమ్మా. ముసిలోడికి బుద్ధి లేదు," అన్నాడు.  ఆమె కోపం తగ్గేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఎగ్జామినర్ మమ్మల్ని బస్టాండులో పట్టుకున్నాడు. ఇస్త్రీ పెట్టె కథ నమ్మలేదన్నమాట. తనకూ నేర్పుతారా అని అడిగాడు. పుస్తకాల్లో చెప్పడమే తప్ప ఎన్నడూ చేత్తో చేయలేదట. మామ ఎగాదిగా చూసి, శనివారం పుంగనూరు రమ్మన్నాడు.

ఆ శనివారం కావాలనే అంగడి మూసి పుంగనూరు పోయాను. ఎగ్జామినర్ తానే గీసి తీసిన మూడు నాలుగు అచ్చులతో పొద్దున్నే వచ్చాడు. మొదటిదాంట్లో ఆయన గీసిన రోడ్లు రెండుచోట్ల గుద్దుకున్నాయి. ఆ బోర్డు మాడింది. రెండోది కాగితంతో పాటే ఊడొచ్చింది. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. మామ పక్కన కూర్చుని పొడి పొడిగా, "మళ్ళా సెయ్యండి సార్," అనడం తప్ప ఏమీ చెప్పలేదు. మూడోది వచ్చింది. వంకరగా, అంచులు కొరికినట్టు, కానీ వచ్చింది.

మామ ఆయన భూతద్దమే అడిగి తీసుకుని, ఆ బోర్డును అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి అడిగాడు.

"ఇది మీరే సేసినారా సార్, యాడన్నా కొన్నారా?"

నేను చప్పున వంటింట్లోకి వెళ్ళిపోయాను, నవ్వు కనబడకుండా. అత్త గుమ్మం చాటున కొంగు నోట్లో కుక్కుకునుంది.

 వసారాలోంచి ఎగ్జామినర్ గొంతు వినబడింది. "ఆ పిల్ల కొనలేదంటే నేను నమ్మి ఉండాల్సింది. చేసి చూపించాక కూడా నోరారా బాగుందనలేదు. ఉత్తరం రాస్తాను. అడ్రసు ఇప్పించండి."

తొంగి చూశాను. ఆయన తన చేతుల్ని మోకాళ్ళ మీద పెట్టుకుని చూసుకుంటున్నాడు. పది వేళ్ళూ ద్రావకం మరకలతో గోధుమరంగుకు తిరిగిపోయాయి.

"అది సబ్బుకు పోదు సార్," అన్నాడు మామ. "పదైదు దినాలుంటాది. కాలేజీలో ఎవురన్నా ఏందని అడిగితే ఏం సెప్తారు?"

"నేనే ఒక బోర్డు చేశానని చెప్తాను."

మామ భూతద్దాన్ని ఆయన చేతికి తిరిగిచ్చేశాడు. వంటింటి వైపు తిరిగి కేకేశాడు.

"ఏమే, ఇంకో ఆకు వెయ్యి. సారు మనింట్లోనే తింటాడు."